ఊరి బహుమతిగా పుట్టిన ఎమ్మీ

ఎమ్మీ చరిత్రలో మొట్టమొదటి విజేత ఒళ్లో ఒక బొమ్మ కూర్చుని ఉంటుంది. 1949 జనవరి 25న హాలీవుడ్ అథ్లెటిక్ క్లబ్బులో జరిగిన తొలి ఎమ్మీ సభలో, విశిష్ట టెలివిజన్ వ్యక్తిగా బహుమతి అందుకున్నది షర్లీ డిన్స్‌డేల్. ఇరవయ్యేళ్లు దాటీదాటని అమ్మాయి. తన పెదవి కదపకుండా బొమ్మ చేత మాట్లాడించడం ఆమె విద్య. ఆ బొమ్మ పేరు జూడీ స్ప్లింటర్స్.

అంతకంటే తమాషా ఏమిటంటే, ఆ బహుమతులిచ్చిన టెలివిజన్ అకాడమీకి మొదటి అధ్యక్షుడు ఎడ్గర్ బెర్గెన్‌దీ ఇదే విద్య. ఆయన పేరు తెచ్చుకున్నది రేడియోలో! పెదవులు కదిలాయో లేదో ఎవరికీ కనిపించని చోట చార్లీ మెకార్తీ అనే బొమ్మను మాట్లాడించి దేశమంతా నవ్వించాడు. టీవీ బహుమతి ఆయన గడపలోంచే రావడం చిత్రమే.

షర్లీ గెలుపు వెనక మరో సంగతుంది. ఆ ఏడాది పోటీ లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో తయారై, అక్కడే ప్రసారమైన కార్యక్రమాలకు మాత్రమే. మంగళవారం రాత్రుళ్లు న్యూయార్క్ నుంచి జనాన్ని టీవీలకు కట్టిపడేస్తున్న మిల్టన్ బెర్ల్ పేరు ఆ సభలో ఎత్తే వీలే లేదు. ఈనాడు ప్రపంచమంతా పేరు తెలిసిన ఎమ్మీ, పుట్టినప్పుడు అచ్చంగా ఒక ఊరి బహుమతి.

టిక్కెట్టు అయిదు డాలర్లు. ఇచ్చినవి ఆరే బహుమతులు. అభినయం చూసి మాట కనిపెట్టే ఆట ‘పాంటోమైమ్ క్విజ్’కి జనాదరణ బహుమతి. మొపాసా కథ ఆధారంగా తీసిన ‘ది నెక్లెస్’కి టీవీ సినిమా బహుమతి. ఒకటి ఛార్లెస్ మెసాక్ అనే సాంకేతిక నిపుణుడికి, ఒకటి కేటీఎల్ఏ స్టేషనుకు. మరొకటి ఎమ్మీ ప్రతిమను గీసిన లూయిస్ మెక్‌మానస్‌కి. 47 నమూనాలు నచ్చక పక్కన పెట్టాక అకాడమీ ఈయన గీసినదానికి తలూపింది. రెక్కలతో నిలబడి పరమాణువును పైకెత్తిన ఆ స్త్రీమూర్తికి నమూనా ఆయన భార్య డొరోతీ. మన నందికి లేపాక్షి బసవన్న మూలమైతే, ఎమ్మీకి ఒక టీవీ ఇంజినీరు ఇల్లాలు. అన్నట్టు, నంది నడిచిన దారి వేరు. 1964లో సినిమాకు మొదలై, ఆ తరవాతెప్పుడో టీవీకి, నాటకానికి వచ్చింది.

కేటీఎల్ఏ కథ చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం. 1947 జనవరిలో ఆ స్టేషను వాణిజ్య ప్రసారాలు మొదలుపెట్టిన రాత్రి బాబ్ హోప్ వచ్చి నవ్వించాడు. అప్పటికి ఊరి మొత్తానికి ఉన్న టీవీ సెట్లు సుమారు 350 అంటారు. స్టేషనును నడిపిన క్లాస్ లాండ్స్‌బెర్గ్‌కి స్టూడియో గోడల మధ్య కూర్చోవడం సరిపడదు. కెమెరాలను లారీలకెక్కించి వీధిలోకి తోలేవాడు. 1949 ఏప్రిల్లో శాన్ మారినోలో మూడేళ్ల పాప పాడుబడిన బావిలో పడిపోయింది. బిల్ వెల్ష్, స్టాన్ ఛేంబర్స్ అక్కడే నిలబడి, ఇరవై ఏడు గంటలకు పైగా తవ్వకాన్ని ప్రత్యక్షంగా చూపించారు. సెట్లున్న ఇళ్లకు ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. పాప దక్కలేదు. కానీ టీవీ ఏం చేయగలదో ఆ ఊరికి ఆ రెండు రోజుల్లో తెలిసింది.

1950 జనవరిలో జరిగిన రెండో సభ మరీ ముచ్చటైనది. ఉత్తమ క్రీడా ప్రసారం బహుమతి కేటీఎల్ఏ కుస్తీ పోటీలకు దక్కింది! పిల్లల కార్యక్రమం బహుమతి ‘టైమ్ ఫర్ బీనీ’ అనే బొమ్మలాటకు. బీనీ వచ్చే వేళయిందని ఐన్‌స్టీన్ ఒక సమావేశం మధ్యలో లేచి వెళ్లాడని దాని అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడు కొత్తగా ‘కినిస్కోపు’ బహుమతులు కూడా పెట్టి, మిల్టన్ బెర్ల్‌ను లోపలికి రానిచ్చారు. అప్పట్లో న్యూయార్క్ ప్రసారం లాస్ ఏంజెలెస్‌కి నేరుగా అందేది కాదు. టీవీ తెర మీది దృశ్యాన్ని సినిమా కెమెరాతో తీసి, ఆ రీలును పంపేవారు. దేశానికి పెద్ద తార అయిన బెర్ల్, ఈ ఊరి సభలో డబ్బాలో వచ్చిన చుట్టం.

చుట్టం ఇంటివాడు కావడానికి ఎంతో కాలం పట్టలేదు. 1951 సెప్టెంబరులో తూర్పు, పడమర తీరాలను కలుపుతూ ప్రత్యక్ష ప్రసారం సాధ్యమైంది. మరుసటి ఏడాదే ఎమ్మీ జాతీయ బహుమతి అయింది. స్థానికం వెనక బెంచీకి జరిగింది.

పోయింది హోదా ఒక్కటే అయితే బాధపడనక్కర్లేదు. న్యూయార్క్ కార్యక్రమాలు ఊళ్లు దాటాలి కాబట్టి వాటికి రీళ్లు తీశారు, వాటిలో కొన్నైనా మిగిలాయి. ఊళ్లో పుట్టి ఊళ్లోనే చూసిన కార్యక్రమానికి రీలు ఎవరికి కావాలి? చాలావరకు ప్రసారమైన క్షణానే గాలిలో కలిసిపోయింది. 1956లో వీడియో టేపు వచ్చినా, దాని ఖరీదుకు భయపడి చెరిపి మళ్లీ వాడుకున్నారు. గెలిచినవాళ్ల పేర్లున్నాయి, గెలిచిన పని చాలావరకు కనపడదు. బహుమతి ఎందుకిచ్చారో చూసి తేల్చుకునే అవకాశం మనకు చాలావరకు లేకుండా చేసిన పొదుపు అది.

తర్వాతి పాతికేళ్లు తగవులే ఎక్కువ. న్యూయార్క్, హాలీవుడ్ పెద్దలకు పొసగక 1977లో అకాడమీ రెండుగా చీలింది. ప్రైమ్‌టైమ్ ఎమ్మీలతో పాటు లాస్ ఏంజెలెస్ స్థానిక ఎమ్మీలూ హాలీవుడ్ పక్షానికి వెళ్లాయి. మిగతా దేశంలోని ప్రాంతీయ ఎమ్మీలు న్యూయార్క్ పక్షమైన జాతీయ అకాడమీ చేతిలో ఉన్నాయి. దానికి 19 ప్రాంతీయ శాఖలు. షికాగో, బోస్టన్, ఒహాయో లోయ, వాయవ్యం, ఇలా.

ఈ శాఖల పద్ధతి గమ్మత్తుగా ఉంటుంది. ఒక విభాగంలో ఒకరికే ఇవ్వాలన్న పట్టుదల లేదు. ప్రమాణానికి తూగితే ఇద్దరు ముగ్గురికి ఇస్తారు, తూగకపోతే ఎవరికీ ఇవ్వరు. ఒక ప్రాంతపు ఎంట్రీలను వేరే ప్రాంతపు టీవీ నిపుణులు చూసి మార్కులేస్తారు. పక్షపాతం చొరబడకుండా ఇది మంచి ఏర్పాటే. అయితే న్యాయనిర్ణేతకు ఆ ఊరి వీధులు తెలియవు, అక్కడి గొడవలు తెలియవు, ఏ యాంకరును చూసి జనం ఎందుకు నవ్వుతారో అసలే తెలియదు. లాస్ ఏంజెలెస్ కుస్తీల రీలును ఒహాయోకు పంపించి ఉంటే, 1950లో దానికి బహుమతి వచ్చేదంటే నమ్మడం కష్టం.