లాన్సెయిర్ 4-పి

లాన్సెయిర్ 4-పి అమెరికాలో రూపొందిన నాలుగు సీట్ల తేలికపాటి విమానం. దీన్ని కిట్‌గా కొని, యజమానే విడిభాగాలు కూర్చి నిర్మించుకునేవారు. అమెరికా నిబంధనల ప్రకారం నిర్మాణంలో సగానికి పైగా పని ఔత్సాహికులే చేయాలి. రూపకర్త లాన్స్ నైబౌర్. మూలరూపమైన లాన్సెయిర్ 4 తొలిసారి 1990లో ఎగిరింది. పేరు చివరి 'పి' క్యాబిన్‌లో గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటును సూచిస్తుంది.

నిర్మాణం: ముడుచుకునే చక్రాలు, కార్బన్ ఫైబర్‌తో నునుపుగా తీర్చిన దేహం, సన్నని రెక్కలు గాలి నిరోధాన్ని తగ్గిస్తాయి. 350 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్‌కు రెండు టర్బోచార్జర్లు ఉంటాయి. వేగం గంటకు 500 కిలోమీటర్లు దాటుతుంది.

పీడన వ్యవస్థ: విమానం 24,000 అడుగుల ఎత్తున ప్రయాణించగలదు. హైదరాబాద్ పాతబస్తీలోని 56 మీటర్ల చార్మినార్‌లను ఒకదానిపై ఒకటిగా 130 పేర్చితే వచ్చే ఎత్తు ఇది. అక్కడ గాలి పలుచన. ఆక్సిజన్ అందక పైలట్ స్పృహ కోల్పోవచ్చు. టర్బోచార్జర్లు పంపే గాలిని క్యాబిన్‌లో నిలిపి, లోపలి వాతావరణాన్ని ఊటీ కంటే కాస్త ఎత్తైన కొండపై ఉన్నట్టుగా ఉంచుతారు. తలుపులు, కిటికీల అంచులు గాలి బయటికి పోకుండా బిగుతుగా ఉండాలి.

భద్రత: చిన్న రెక్కల వల్ల దిగే వేగం ఎక్కువ. వేగం మరీ తగ్గితే రెక్కలు ఎత్తే శక్తిని హఠాత్తుగా కోల్పోతాయి. అందుకే ప్రత్యేక శిక్షణ తప్పనిసరిగా భావించాలి.