లింకులు, శోధన ఫలితాల వరుస

ఒక వెబ్‌సైటుకు ఇతర వెబ్‌సైట్ల నుండి ఉన్న లింకులు, శోధన యంత్రపు ఫలితాలలో దాని స్థానాన్ని నిర్ణయించే అంశాలలో ముఖ్యమైనవి. ఈ సూత్రంపై ఆధారపడిన పేజ్‌ర్యాంకు పద్ధతిని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ రూపొందించి 1998లో ప్రకటించారు. అదే సంవత్సరం గూగుల్ సంస్థ ఏర్పడింది.

పనిచేసే విధానం

ఒక పేజీ మరొక పేజీకి ఇచ్చే లింకును సిఫారసుగా పరిగణిస్తారు. సిఫారసు చేసే పేజీ విలువను బట్టి లింకుకు బలం ఉంటుంది. ఆ విలువ పేజీలోని లింకులన్నిటికీ సమానంగా పంచబడుతుంది. స్థూలంగా, 10 లింకులుంటే ఒక్కొక్కదానికి పదో వంతు చేరుతుంది. లింకుగా ఉన్న పదాలు గమ్యపు పేజీలోని విషయాన్ని సూచిస్తాయి.

ఉదాహరణ

గుంటూరు జిల్లాలోని మంగళగిరి చేనేత చీరలకు ప్రసిద్ధి. "మంగళగిరి చీరలు" అని వెతికినపుడు, నేతకారుల సంఘపు పేజీకి లింకులు లేకపోతే, ఎక్కువ లింకులున్న దూరప్రాంతపు వ్యాపారి పేజీ ముందు కనబడే అవకాశముంది. కనుక వరుసలోని స్థానం సరుకు నాణ్యతకు కొలమానం కాదు. చేనేత, పర్యాటక విషయాల పేజీలు సందర్భోచితంగా ఇచ్చే లింకులు ఈ లోటును కొంతవరకు తీర్చగలవు.

దుర్వినియోగం

స్థానం పెంచుకొనుటకు కొందరు లింకులను కొంటారు, సంబంధం లేని పేజీలలో చొప్పిస్తారు. దీనిని అరికట్టడానికి 2005లో "నోఫాలో" అనే గుర్తు ప్రవేశపెట్టబడింది. 2007 జనవరిలో ఆంగ్ల వికీపీడియా తన బయటి లింకులకు దీనిని వర్తింపజేసింది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ చేసిన "పెంగ్విన్" మార్పు, కృత్రిమ లింకులపై ఆధారపడిన సైట్ల స్థానాన్ని తగ్గించింది. 2019 నుండి గూగుల్ నోఫాలోను ఆజ్ఞగా కాక సూచనగా పరిగణిస్తోంది.