చలి పొద్దున మా ఇంటి ఫియట్: ముద్దేనహళ్ళి నించి మన కొట్టం దాకా

ఈ సంక్రాంతికి అందరూ చిక్కబళ్ళాపురంలో చేరినప్పుడు కొట్టంలో ఉన్న ఫియట్ మాట మళ్ళీ వచ్చింది. అమ్మేద్దామా, ఉంచుకుందామా అని. మాటల మధ్యలో మన పిల్లవాడొకడు పోయి తాళం తిప్పి, యాక్సిలరేటర్ నాలుగుసార్లు గట్టిగా తొక్కి, "ఇది చచ్చిపోయింది చిన్నాయనా" అని దిగి వచ్చేసినాడు. కారు బాగానే ఉంది. పొద్దున్నే చలిలో దాన్ని లేపే పద్ధతి వాడికి ఎవరూ చెప్పలేదు. తప్పు మాదే. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ముందు ఆ కారు ఎక్కడినించి వచ్చిందో చెప్పాలి. దాని కథ మొదలైంది మన ఊరి పక్కనే. మనకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు తెలుగు ఇంటి బిడ్డ. ఇంటిపేరులోని మోక్షగుండం ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది. ఆయన పేరు చెప్తే అందరికీ కృష్ణరాజసాగర్ ఆనకట్ట గుర్తుకొస్తుంది. 1912 నించి 1918 దాకా మైసూరు దివానుగా చేసి దిగిపోయిన తర్వాత, డెబ్బై దాటిన వయసులో, ఆయన పట్టుకున్న ఇంకో పని చాలామందికి తెలీదు. మన దేశంలోనే మోటారు కార్లు తయారు చేయాలని పంతం పట్టినారు. 1935లో యూరపు, అమెరికా పోయి కార్ల ఫ్యాక్టరీలు చూసి వచ్చి, లెక్కలతో సహా పథకం తయారుచేసినారు. దానికి తోడు నిలిచింది బొంబాయి వ్యాపారి వాల్‌చంద్ హీరాచంద్. దొరల ప్రభుత్వం ఆసరా ఇవ్వలేదు, ఇంతలో యుద్ధం వచ్చింది. చివరికి 1944లో వాల్‌చంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టినాడు. ముందు అమెరికా క్రైస్లర్ కంపెనీ బండ్లు, 1950లలో ఇటలీ ఫియట్ బండ్లు అక్కడ తయారైనాయి. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్ మోడలే, పేర్లు మారి, 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. పేరు ఏదైనా మన ఇళ్ళలో మాత్రం అది ఎప్పుడూ ఫియట్టే.

ఆ రోజుల్లో కారు కొనాలంటే అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డ్, ఈ మూడే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అట్లా కాచుకుని తెచ్చుకున్న కారుని తాత చింతామణి మండీకి, బాగేపల్లి పెళ్ళిళ్ళకి, తెల్లారకముందే తీసేవాడు. అప్పుడే వచ్చేది అసలు తంటా.

మన ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, తలమీద 1,478 మీటర్ల నందికొండ. మార్గశిరం, పుష్యం నెలల్లో మంచు దిగితే ఎదురింటి గడప కూడా కనిపించదు. పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. వెచ్చటి ఇంజనుకి బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకి సుమారు పదిహేను పాళ్ళ గాలి సరిపోతుంది. చల్లటి ఇంజన్లో ఆ పెట్రోలు చాలావరకు ఆవిరి కాకుండా గొట్టం గోడలకే అంటుకుంటుంది. కాబట్టి కాసేపు చాలా ఎక్కువ పోయాలి. ఆ ఎక్కువ పోసే ఏర్పాటే చోక్.

మన ఫియట్‌లో ఉండేది సోలెక్స్ కార్బ్యురేటర్. చాలా బండ్లలో చోక్ అంటే గాలి దారికి అడ్డం పడే రేకు మూత. సోలెక్స్‌లో అట్లా కాదు. చోక్ లాగితే చిల్లుల బిళ్ళ ఒకటి తిరిగి, పెట్రోలుకి వేరే దారి తెరుచుకుంటుంది. ఇంజను పీల్చుకునే బలంతోనే ఆ దారిన పెట్రోలు వస్తుంది. కాలు యాక్సిలరేటర్ మీద పెడితే ఆ పీల్పు తగ్గిపోతుంది, పెట్రోలు రాదు. పైగా ఊరికే తొక్కిన ప్రతిసారీ చిన్న పంపు వేరే దారిన పెట్రోలు చిమ్మి ప్లగ్గులని తడుపుతుంది. తాత మాట ఒకటే: "చెయ్యి చోక్ మీద, కాలు నేల మీద."

నాలుగు రోజులు నిలిపిన బండి అయితే కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఆరిపోయి ఉంటుంది. తాత బానెట్ ఎత్తి, పెట్రోలు పంపుకి ఉన్న చిన్న మీటని చేత్తో పదిసార్లు ఆడించేవాడు. తర్వాత చోక్ పూర్తిగా లాగి స్టార్టర్ ఇచ్చేవాడు. పట్టుకోకపోతే పది లెక్కపెట్టి మళ్ళీ. ఇంజను పట్టుకోగానే చోక్ సగం లోపలికి. గుడి మలుపు దాటి నడక కుదుటపడినాక మొత్తం లోపలికి. ఎక్కువసేపు లాగి ఉంచితే మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలుని కడిగేస్తుంది, లోపలి భాగాలు అరిగిపోతాయి. ఇంకో మాట, ఇదంతా కొట్టం తలుపులు బార్లా తీసి చేయాలి. ఆ పొగ ప్రాణం తీసే పొగ.

ఒక పుష్యమాసం పొద్దున జేజికి ఊపిరి ఆడలేదు. తాత ఊళ్ళో లేడు. పెద్దచిన్నాయన కంగారులో చోక్ లాగి, కాలితో కూడా తొక్కి తొక్కి ఇంజన్ని పెట్రోలుతో ముంచేసినాడు. కొట్టమంతా పెట్రోలు వాసన. అప్పుడు మంచం మీదినించి జేజే, రొప్పుతా, "చోక్ తోసెయ్యి, కాలు అడుగుదాకా తొక్కి పట్టుకో, ఎత్తొద్దు" అని చెప్పింది. రోజూ పొద్దున పాలు కాస్తా తాత చేసేదంతా విన్నది కదా. అట్లా పట్టుకుంటే గాలి ఎక్కువ పోయి లోపలి తడి ఆరుతుంది. మూడోసారికి పట్టుకుంది. జేజి ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఆమె ఎప్పుడూ స్టీరింగ్ ముట్టలేదు.

ఇంగ్లాండు స్పోర్ట్స్ కార్లు పెట్టుకున్నవాళ్ళదీ ఇదే బాధ. మద్రాసు హెరాల్డ్‌కి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ చాసీనే పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చినారు. దానికి జంట ఎస్‌.యు. కార్బ్యురేటర్లు. అక్కడ చోక్ లాగితే రెండింటిలోనూ జెట్ గొట్టం కిందికి దిగి సందు పెద్దదై పెట్రోలు ఎక్కువ వస్తుంది. కాబట్టి ఒక బండి పద్ధతి ఇంకో బండికి పనికిరాదు, మన బండిది మనం నేర్చుకోవాల్సిందే.

2000 ప్రాంతానికి పద్మిని తయారీ ఆగిపోయింది. అప్పటికే కొత్త కార్లలో ఇంజను వేడిని కొలిచే సెన్సార్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వచ్చేసినాయి. ఎంత పోయాలో బండే చూసుకుంటుంది, చోక్ మాయమైంది. ఇప్పుడు బంకుల్లో పెట్రోలుకి 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది చలికి ఇంకా కష్టంగా ఆవిరవుతుంది, పాత రబ్బరు గొట్టాలని, పంపు పొరలని పాడుచేస్తుంది. కాబట్టి బండి ఉంచుకునేటట్టయితే అవి ముందు మార్పించాలి.

కనుమనాడు పొద్దున ఆరుగంటలకి ఆ పిల్లవాణ్ణే కూర్చోబెట్టి, కాలు నేలమీద పెట్టించి, పంపు నేను ఆడించినాను. రెండోసారికి పట్టుకుంది. వాడే ముద్దేనహళ్ళి దాకా నడిపి తెచ్చినాడు. అమ్మే మాట ఉగాది దాకా ఎత్తొద్దని అందరం అనుకున్నాం. ఈలోగా ఇంట్లో ప్రతి ఒక్కరూ ఒక చలి పొద్దున దాన్ని స్టార్ట్ చేసి చూడండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం.