పేరొకటే, జబ్బులు మూడు

కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పితే మనవాళ్ళు వాడే మాట ఒకటే: పక్షవాతం. కాస్త ఇంగ్లీషు తగిలిన ఇళ్ళలో అయితే పెరాలసిస్. రెండూ కాకపోతే "నరాల బలహీనత" ఉండనే ఉంది. నిజానికి పక్షం అంటే ఒక పక్క. మెదడులో రక్తనాళం మూసుకుపోయో, చిట్లో ఒంట్లో ఒక పక్క పడిపోతే ఆ పేరు సరిగ్గా అతుకుతుంది. మిగతావాటికి అతకదు. ఎర్రర్ మెసేజ్ ఒకటే వచ్చినంత మాత్రాన బగ్ ఒకటే కావాలని లేదు కదా!

ఈ తేడా తెలుసుకోవడం వల్ల ఒరిగేదేమిటి అంటారా? మూడు చోట్ల చరిత్ర పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి మన నల్లగొండ, ఇంకోటి నేనుంటున్న కువైట్, మూడోది కువైట్‌కి ఉత్తరాన సరిహద్దు అవతలే ఉన్న ఇరాక్.

ముందు మన సంగతి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. (ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. కనిగిరి, పొదిలి, దర్శి అంతకుముందు నెల్లూరులోవే.) 1955లో సిద్ధిఖీ అనే డాక్టరు నల్లగొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అక్కడి నేలలోని రాళ్ళ నుంచి ఫ్లోరైడు నీళ్ళలోకి దిగుతుంది. చిన్నప్పుడు పళ్ళకి గార పడుతుంది. ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తాగితే ఎముకలు మందమవుతాయి, వాటిని కట్టి ఉంచే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపూసల మధ్య దారి ఇరుకై లోపలి వెన్నుపాము నలుగుతుంది. కాళ్ళు బిగుసుకుని, చివరికి మనిషి మంచాన పడతాడు. ఇందులో నరాల తప్పేమీ లేదు చూడండి. గోడ ఉబ్బితే లోపలి వైరు నలిగినట్టన్నమాట. ఈ జబ్బు నరాలను ఎలా దెబ్బతీస్తుందో వివరంగా రాసినవారు హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు. పాత నాణేల మీద పరిశోధన చేసిన రాజారెడ్డి గారూ ఈయనే.

ఇక ఇరాక్. 1971 చివర్లో బస్రా రేవుకి వేల టన్నుల విత్తన గోధుమలు, బార్లీ దిగాయి. బూజు పట్టకుండా వాటికి పాదరసం మందు పట్టించారు. విత్తుకోవడానికే తప్ప తినడానికి కాదు. పంచేసరికి చాలాచోట్ల విత్తే అదను దాటిపోయింది. సంచుల మీద హెచ్చరికలున్నాయి గానీ, ఆ పల్లెల్లో చదవగలిగే భాషలో కాదు. గుర్తు కోసం వేసిన రంగు కడిగితే పోయింది, పాదరసం పోలేదు. కొందరు ముందు కోళ్ళకి వేసి చూశారు, వాటికేమీ కాలేదు. రొట్టెలు చేసుకున్నారు. వారాలు గడిచాక మొదలైంది: మూతి చుట్టూ, వేళ్ళకీ తిమ్మిర్లు, నడకలో తూలడం, చూపు చుట్టుపక్కల నుంచి మూసుకుపోవడం, వినికిడి తగ్గడం. ఆస్పత్రుల్లో చేరినవాళ్ళు 6,530 మంది, వాళ్ళలో చనిపోయినవాళ్ళు 459. ఇక్కడ నలిగింది వైరు కాదు, మెదడులో కణాలే చచ్చిపోయాయి. అవి తిరిగి పుట్టవు.

మూడోది కువైట్‌లో డాక్టర్లు దశాబ్దాలుగా లెక్క కడుతున్న మల్టిపుల్ స్క్లెరోసిస్. 1868లో పారిస్‌లో షార్కో దీనికి స్పష్టమైన రూపం ఇచ్చాడు. వైరు మీద ప్లాస్టిక్ తొడుగులాగా నరాల మీద మయెలిన్ అనే పొర ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఆ పొరను తినేస్తుంది. (సొంత ఫైళ్ళనే వైరస్ అనుకుని చెరిపేసే యాంటీవైరస్ అనుకోండి.) ఇది ఎక్కువగా చలిదేశాల జబ్బని పేరు. అయినా కువైటీ పౌరుల్లో 2000లో లక్షకి సుమారు 31 మందికి ఉన్నది, 2011 నాటికి 85 మంది దాకా వచ్చింది. ఎమ్మారై స్కానింగు పెరగడం ఒక కారణం కావచ్చు, అదొక్కటే అనలేం. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌కి ఇందులో పెద్ద పాత్ర ఉందని 2022లో అమెరికా సైనికుల రికార్డుల ద్వారా తేలింది. కానీ ఆ వైరస్ దాదాపు అందరికీ సోకేదే. మరి కొందరికే ఈ జబ్బెందుకు వస్తుందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు.

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. కారణం పూర్తిగా అంతుపట్టని జబ్బు మూడోదొక్కటే. దాన్ని ఆపలేకపోయారంటే అర్థం చేసుకోగలం. మిగతా రెండిటి సంగతి? పాదరసం పట్టించిన విత్తనాలు తిని ఇరాక్‌లోనే 1956లోనూ, 1960లోనూ జనం జబ్బుపడ్డారు. అయినా 1971 వచ్చింది. మనదీ అంతే. సిద్ధిఖీ వ్యాసం వచ్చిన 1955లోనే, డిసెంబరు 10న, నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. అదే జిల్లాలో! 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఎత్తు మీదున్న మునుగోడు, మర్రిగూడ వైపు పల్లెలు మాత్రం బోరు నీళ్ళే తాగుతూ వచ్చాయి. ఇంటింటికీ నది నీళ్ళిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో. ఒకప్పుడు షత్-అల్-అరబ్ నుంచి పడవల మీద మంచినీళ్ళు తెచ్చుకున్న కువైట్, 1953లోనే షువైఖ్‌లో సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే ప్లాంటు పెట్టుకుంది. చమురు డబ్బుంది కదా అంటారు, నిజమే. కానీ మనకి పక్కనే కృష్ణ ఉంది.

అందుకే పేరు ముఖ్యమంటున్నాను. అన్నిటినీ పక్షవాతం అనేస్తే అన్నీ కర్మ ఖాతాలో పడిపోతాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఎవరికైనా "కాళ్ళు పడిపోయాయట" అని వింటే రెండు ప్రశ్నలు వెయ్యండి. ఒక్కసారిగా ఒక పక్క పడిపోయిందా? అయితే అర్జెంటుగా ఆస్పత్రికి, ప్రతి నిమిషమూ లెక్కే. రెండు కాళ్ళూ నెలల తరబడి బిగుసుకుంటూ వచ్చాయా? అయితే న్యూరాలజిస్టుకి చూపించమనండి. ఊరిది ఫ్లోరైడు ప్రాంతమైతే తాగే నీళ్ళు కూడా పరీక్ష చేయించమనండి. పోయిన కాళ్ళు రాకపోవచ్చు. ఆ ఇంట్లో పిల్లల కాళ్ళు మిగులుతాయి.