పద్దు పుస్తకం ఎవరిది?

మన సంఘం లెక్కలు బ్లాక్‌చెయిన్‌లో పెడదామని కుర్రాళ్ళు పట్టుబడుతున్నారు. ఒకే పద్దు అందరి దగ్గరా ఉంటుంది, చాటుగా దిద్దడం కుదరదు అంటున్నారు. ఆలోచన మంచిదే. అందుకే పెద్ద సంస్థలు దీన్ని ఎలా వాడాయో వెతికి చదివాం.

2014లో మెర్‌స్క్ ఓడల కంపెనీ తూర్పు ఆఫ్రికా నుంచి ఐరోపాకు వెళ్ళే శీతల సరుకు దారిని గమనించింది. దాదాపు 30 మంది వ్యక్తులు, సంస్థల మధ్య 200కు పైగా ఉత్తరప్రత్యుత్తరాలు! ఆ కాగితాల గోల తగ్గించడానికి 2018లో ఐబీఎంతో కలిసి ట్రేడ్‌లెన్స్ తెచ్చింది. పోటీ కంపెనీలు వెంటనే రాలేదు. పోటీదారు పెట్టిన పద్దులో మన లెక్కలెందుకు రాయాలన్నది వాళ్ళ సందేహం. ఎంఎస్‌సీ, సీఎంఏ సీజీఎం 2019లో చేరాయి. అయినా పరిశ్రమంతా కలిసిరాలేదని 2022 నవంబరులో మూసివేత ప్రకటించారు.

అదే ఐబీఎం సాయంతో వాల్‌మార్ట్, మామిడి ముక్కల పొట్లం ఏ తోటదో కనుక్కునే పనిని దాదాపు 7 రోజుల నుంచి 2.2 సెకన్లకు తెచ్చింది. 2018లో ఆకుకూరలు సరఫరా చేసేవాళ్ళంతా చేరాలని చెప్పింది. కొనే పెద్ద కాబట్టి అలా చెప్పగలిగింది.

తేడా సాంకేతికతలో లేదు. అక్కడ ఒకరి మాట చెల్లుతుంది, ఇక్కడ సమానులు ఒప్పుకోవాలి. మనది రెండో రకం. హోసూరు, బళ్ళారి, బరంపురం శాఖల్లో ఎవరూ ఎవరికీ తక్కువ కాదు. పైగా తప్పు రాస్తే ఆ తప్పే చెరగకుండా ఉంటుంది. ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి అన్నది ముందు సర్వసభ్య సమావేశంలో తేలాలి. సాఫ్ట్‌వేర్ మాట ఆ తర్వాతే.