చలి ప్రాంతపు ఎర్ర వైన్: బర్గండీ చరిత్ర

వైన్ రుచిని నిర్ణయించేది వాతావరణమా, మనిషా? చరిత్ర విద్యార్థికి ఈ ప్రశ్నతో పనేమిటని మీకు అనిపించవచ్చు. ఫ్రాన్స్ తూర్పున ఉన్న బర్గండీని పరిశీలిస్తే, దీని వెనుక ఒక పాలకుని శాసనం, రైతుల బతుకుతెరువు కూడా ఉన్నాయని గ్రహిస్తారు.

బర్గండీ దాదాపు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉంది. చలి ప్రాంతంలో ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది. చక్కెర తక్కువగా చేరుతుంది, పులుపు నిలిచిపోతుంది. రసం పులిసేటప్పుడు చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి అక్కడి వైన్ తేలికగా ఉంటుంది. ప్రధాన రకమైన పినో నువార్ తొక్క పలుచన, అందుకే రంగూ లేతే. అయితే ఒకటి గమనించండి: నల్లద్రాక్ష రసానికి దాదాపు రంగుండదు, ఎరుపు తొక్క నుంచే దిగుతుంది. తొక్కలను రసంలో ఎన్నాళ్లు నాననివ్వాలన్నది తయారీదారుని నిర్ణయం.

ఏ రకం నాటాలన్నది మాత్రం ఎప్పుడూ రైతు చేతిలోనే లేదు. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ది బోల్డ్ గామే అనే రకాన్ని పెరికివేయాలని ఆజ్ఞాపించాడు. దాని వైన్ చేదనీ, ఆరోగ్యానికి హానికరమనీ ఆయన వాదన. తోటలకు పశువుల ఎరువు వేయడాన్నీ నిషేధించాడు. కానీ గామే పినో కంటే ముందుగా పండుతుంది, ఎక్కువ కాస్తుంది. చలికి భయపడే రైతుకు అది ఒక భరోసా. డ్యూక్ కాపాడదలచింది బర్గండీ వైన్ పేరును. ఆ పేరుకు మూల్యం చెల్లించవలసింది రైతు. ఆజ్ఞ వెలువడింది గానీ గామే పోలేదు. 19వ శతాబ్దంలోనూ కోట్ డోర్ పల్లపు భూముల్లో విస్తారంగా పండింది.

1801లో రసాయన శాస్త్రవేత్త, నెపోలియన్ మంత్రి షాప్తాల్ మరో మార్గాన్ని ప్రచారం చేశాడు: ద్రాక్ష సరిగా పండని ఏడు, పులియడానికి ముందే రసంలో చక్కెర కలపడం. లీటరుకు సుమారు 17 గ్రాములు కలిపితే ఆల్కహాల్ ఒక శాతం పెరుగుతుంది. అంటే, చలి మిగిల్చిన లోటును తయారీలో పూడ్చవచ్చు.

మరి వాతావరణ మార్పును ఎలా గుర్తించాలి? బర్గండీలోని బోన్ పట్టణానికి 1354 నుంచి 2018 వరకు ద్రాక్ష కోత తేదీల వరుస లభిస్తోంది. 1987 వరకు సగటు కోత సెప్టెంబర్ 28. 1988 తర్వాత అది 13 రోజులు ముందుకు జరిగింది. ఇది వాతావరణ చరిత్రకు అపూర్వమైన ఆధారం. అయినా జాగ్రత్త అవసరం. కోత ఆలస్యమైన ప్రతి ఏడూ వేసవి చల్లగా ఉందని తీర్మానించకండి. యుద్ధం వల్ల కావచ్చు, కూలీలు దొరకక కావచ్చు, కాయ ఇంకాస్త పండాలని ఎవరో ఆగి ఉండవచ్చు.