ఖతార్‌లో స్కౌట్ల విమానయాన శిక్షణ

విమానం ఎందుకు ఎగురుతుంది, దాన్ని ఎలా తిప్పుతారు, ఆకాశంలో దారి ఎలా చూసుకుంటారు అన్న విషయాలను స్కౌట్ పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునే ప్రాథమిక శిక్షణ ఇది. ఖతార్‌లో స్కౌటింగ్ 1950లలో మొదలైంది. అక్కడి స్కౌట్ సంఘానికి ప్రపంచ స్కౌట్ సంస్థలో 1965లో సభ్యత్వం వచ్చింది.

స్కౌటింగ్‌కు విమానయానంతో ఉన్నది ఇంటి బంధుత్వమే. ఉద్యమ స్థాపకుడు రాబర్ట్ బేడెన్ పావెల్ తమ్ముడు బేడెన్ 1894లోనే మనిషిని పైకి లేపగల గాలిపటాలు తయారుచేశాడు. రైట్ సోదరుల విమానం ఎగరడానికి అప్పటికింకా 9 ఏళ్లుంది. అమెరికా స్కౌట్లు 1911లో ప్రకటించిన తొలి 57 మెరిట్ బ్యాడ్జీల్లో ఏవియేషన్ కూడా ఒకటి. బ్రిటన్‌లో ఎయిర్ స్కౌట్ల శాఖ 1941లో, అమెరికాలో 1942లో ఏర్పడ్డాయి. వీటిని రెండో ప్రపంచ యుద్ధం పుట్టించిందని అనుకోవడం సగం నిజమే. పిల్లల్లో ఆ ఆసక్తి అంతకు 30 ఏళ్ల ముందునుంచే ఉంది.

అమెరికా స్కౌట్ దళాల్లోని పిల్లలు ఖతార్‌లో ఉన్నా, మరెక్కడున్నా ఏవియేషన్ బ్యాడ్జీకి చదివే పాఠాలు ఒకటే. విమానం మీద పనిచేసే నాలుగు బలాలు, అంటే బరువు, పైకి లేపే లిఫ్ట్, ఇంజను ఇచ్చే తోపు, గాలి నిరోధం, మొదట అర్థం కావాలి. తర్వాత విమానాన్ని తిప్పే కదిలే భాగాలైన ఎలెరాన్లు, ఎలివేటర్, రడ్డర్ ఏం చేస్తాయో చూస్తారు. నురుగు పళ్లెం కత్తిరించి గ్లైడర్ చేసి విసిరితే, తోక అంచును కాస్త పైకి వంచినప్పుడు ముక్కు ఎందుకు లేస్తుందో పుస్తకం లేకుండానే తెలిసిపోతుంది. ఎగరడానికి ముందు విమానాన్ని చుట్టూ తిరిగి తనిఖీ చేయడం, చార్టు మీద దారి గీయడం కూడా శిక్షణలో భాగమే.

ఈ పాఠాలకు ఖతార్ రాజధాని దోహా మంచి బడి. అక్కడి హమద్ విమానాశ్రయంలో రెండు రన్‌వేలకూ ఒక కొసన 34, మరో కొసన 16 అంకెలుంటాయి. 34 అంటే దిక్సూచిలో దాదాపు 340 డిగ్రీలు, వాయవ్యానికి కాస్త ఉత్తరంగా. ఖతార్‌లో ఎక్కువగా వీచే షమాల్ గాలి వచ్చేది కూడా దాదాపు ఆ వైపునుంచే. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. దిక్సూచి చూడటం వచ్చిన స్కౌట్‌కు రన్‌వే అంకె చదవడం కష్టం కాదు. వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో గాలి పలచబడి లిఫ్ట్ తగ్గుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. హమద్ రన్‌వేల్లో ఒకదాని పొడవు 4,850 మీటర్లు.

ఖతార్‌లో విమానయానం క్రమంగా పెరిగింది. దోహా పాత విమానాశ్రయం 1959లో మొదలైంది. 1974లో గల్ఫ్ ఎయిర్‌లో ఖతార్ వాటాదారు అయింది. 1994లో ఖతార్ ఎయిర్‌వేస్ ఎగిరింది, 2014లో హమద్ విమానాశ్రయం తెరుచుకుంది. విమానయాన వృత్తి చదువుకోవాలనుకునే యువకులకు దోహాలో 1977లోనే కళాశాల ఏర్పడింది. ఆనాడు గల్ఫ్ దేశాల ఉమ్మడి సంస్థగా మొదలైన అది ఇప్పుడు ఖతార్ ఏరోనాటికల్ అకాడమీ పేరుతో పైలట్లనూ, విమానాల మరమ్మతు ఇంజినీర్లనూ తయారుచేస్తోంది.